అడగని కొసరు

గాజుకడ్డీతో కుప్పె లోపలి గోడను గోకుతున్నాడు తోకాయన. పొద్దుటి నుంచీ నూనెలా మొండికేసి కూర్చున్న మందు ఆ గోకుడుకి లొంగి ఒక మూల తెల్లగా మెరిసింది. చూస్తుండగానే కుప్పె నిండా స్ఫటికాలు కట్టాయి.

"గోకితే గాని దిగిరావు కదా నువ్వు," అన్నాడు దానితో, మనిషితో అన్నట్టే.

పొట్టి మనిషి. కళ్ళద్దాల కాడలకి దారం కట్టి మెళ్ళో వేసుకుంటాడు. తెల్లకోటుకి ఆమ్లం పడి మోచేతుల దగ్గర చిల్లులు పడితే భార్య అతుకులు వేసింది. కోటు కంటే ఆ అతుకులే తెల్లగా ఉంటాయి. ఒక మందు అణువు తీసుకుని, దానికి ఇక్కడొక ముక్క చేర్చి, అక్కడొక ముక్క తీసేసి, ఆకారం పిసరంత మారితే ఒంట్లో దాని పని ఎంత మారుతుందో చూడటం ఆయన ఉద్యోగం. చేర్చేది ఎక్కువగా తోకలాంటి ముక్కే కాబట్టి ప్రయోగశాలలో అందరికీ ఆయన తోకాయనే.

ఆయన మారుస్తున్న పాత మందు దద్దుర్లకి వేసేది. దురద ఇట్టే తగ్గిస్తుంది, కాదనలేం. కాని దానిమీద నిద్ర కొసరు వేస్తుంది. అడగని కొసరు, వద్దన్నా సంచిలో పడేస్తుంది. తోకాయన భార్య దర్జీ. దద్దుర్లు లేచిన రోజున మాత్ర వేసుకోకపోతే ఆమె చేతులు గోక్కోవడానికే సరిపోతాయి. వేసుకుంటే మిషను మీదే తల వాల్చేస్తుంది. ఒకసారి ఆ మత్తులో ఎవరిదో కోటుకి రెండు చేతుల మూతులూ మూసేసి కుట్టింది. వేసుకోబోయిన పెద్దమనిషి చేతులు బయటికి రాక గదంతా గింగిరాలు తిరిగాడు. ఆమె పడీ పడీ నవ్వింది, నష్టమూ భరించింది. సాయంత్రం మొగుడు ఇంటికి రాగానే పట్టుకుంది.

"ఏవేవో తగిలిస్తారటగా మీరు. నా మాత్రకి కాస్త మెలకువ తగిలించండి చూద్దాం."

అప్పటి నుంచీ ఆయన లెక్క ఒక్కటే. దురద పోవాలి, మెలకువ ఉండాలి. ఒకటిచ్చి ఒకటి లాక్కునే బేరం కుదరదు.

మెదడు గుమ్మం దగ్గర కాపలా గట్టిది. అయినా జిడ్డుగా ఉన్న అణువు సులువుగా లోపలికి జారిపోతుంది, పోయి నిద్ర పుచ్చుతుంది. నీటితో పొత్తు కుదిరే తోక తగిలిస్తే గుమ్మంలోనే ఆగిపోతుంది. ఇంతవరకూ బాగానే ఉంది, ఆ తోక ఎక్కడ తగిలించాలన్నదే చిక్కు. కిందటిసారి ముందువైపు తగిలిస్తే ఎలుకలు నిద్రపోలేదు గాని వాటి దురదా పోలేదు. ఒంట్లో దురదను ఆపే తాళంలోకి దూరాల్సిన తాళంచెవి మొనకే అడ్డం పడింది తోక. అందుకని ఈసారి వెనక కొసకి మార్చాడు. "ఇదీ తప్పితే ఆ అణువు జోలికి ఇక వెళ్ళొద్దు," అని ప్రయోగశాల పెద్దాయన తేల్చి చెప్పేశాడు. ఎలుకల మీద పరీక్ష ఇవాళే. ఫలితం రాకుండానే తోకాయన అదే మందు రెండో వాయి తీస్తున్నాడు. గిరాకీ తేలకముందే సరుకు నింపుకునే రకం.

భోజనాల వేళకి కబురొచ్చింది. ఎలుకల్ని సాకే ఆవిడను అందరూ ఎలుకలక్క అంటారు. తలుపు దగ్గరే నిలబడి ఉంది, నడుం మీద చేతులు పెట్టుకుని.

"నీ మందు నా ఎలుకల్ని పాడు చేసిందయ్యా, తోకాయనా!"

ఆయన ముఖం పాలిపోయింది. "పడిపోయాయా?"

"పడితే బాగుండును, ఈపాటికి భోజనం చేసేదాన్ని. వచ్చి చూడు."

తిరిగే కడ్డీ మీద ఎలుకలు నడుస్తున్నాయి. మత్తెక్కినది జారి కిందపడాలి. పాత మందు పడ్డవి అప్పటికే కింద దూదిమూటల్లా కునుకుతున్నాయి. కొత్త మందు పడ్డవి మాత్రం షికారుకి బయలుదేరినట్టు నడుస్తూనే ఉన్నాయి.

"మరి దురద?" కడ్డీ మీదికి వంగి అడిగాడు ఆయన.

"దురద పుట్టించే సూది వేశాను. గోక్కోవూ, పడుకోవూ. తోకలు ఝాడించుకుంటూ ఒకటే నడక. నీ బుద్ధులే వచ్చాయి."

తోకాయన ఎలుకల ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు.

"ఊరుకో, వాటికి గీర ఎక్కుతుంది," అని కసిరింది ఎలుకలక్క, తనూ నవ్వేస్తూ.

పెద్దాయన కూడా వచ్చి చూసి, "తోక ముడుస్తావనుకున్నానయ్యా," అన్నాడు.

"ముడవలేదండీ. వెనక్కి మార్చానంతే."

సాయంత్రం అణువు నమూనాను చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. ప్లాస్టిక్ గోళీలూ పుల్లలూ గుచ్చిన బొమ్మ అది. తోక చివర రెండు ఆక్సిజన్లకి ఎర్రగోళీలు దొరక్కపోతే, భార్య డబ్బాలోంచి రెండు ఎర్రగుండీలు ముందే తెచ్చి దారంతో కట్టి ఉంచాడు.

"దొరికాడు దొంగ!" అంది ఆమె, బొమ్మను చూస్తూనే. "ఆ చంటిపిల్ల కోటు గుండీల కోసం ఇల్లంతా గాలించాను."

"గుండీలు కావే. నీ మెలకువ."

ఎలుకల కథంతా చెప్పాడు. చాలక, కడ్డీ మీద ఎలుకలా నడిచి చూపించాడు. ఆమె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"అయితే రేపట్నుంచి నాకూ ఆ మాత్రేనా?"

"రేపా? మనుషుల దాకా రావాలంటే ఇంకా ఏళ్ళు పడుతుంది."

"సరే, అప్పటిదాకా ఎలుకల్నే సుఖపడనివ్వండి. నా గుండీలు ఇటివ్వండి."

"రేపిస్తాలే," అంటూ నమూనాను మిషను మీద దారపుకండె పుల్లకి తగిలించాడు. "ఒక్క కునుకు తీస్తాను," అని పడక్కుర్చీలో వెనక్కి వాలాడు. పెదాల మీద నవ్వు ఇంకా ఆరలేదు.

ఆమె చిన్నకోటు అంచు కుడుతూ కూర్చుంది. మిషను చప్పుడులో ఆయన గురక కలిసిపోతూ, మళ్ళీ తేలుతూ ఉంది. అంచు పూర్తయి మిషను ఆపింది. గురక వినిపించలేదు.

పిలిచింది. లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. అన్నేళ్ళు నిద్రను బయటికి గెంటిన మనిషిని నిద్రే వచ్చి తీసుకుపోయింది, ఏ పేచీ పెట్టకుండా.

చంటిపిల్ల ఎర్రకోటుకి కింది రెండు గుండీలూ నల్లవి పడ్డాయి. ఆ పిల్ల తల్లి కోటును జాగ్రత్తగా మడిచి తీసుకెళ్ళింది.

ఏళ్ళు పట్టింది గాని మాత్ర వచ్చింది. డబ్బా మీద తోకాయన పేరు లేదు, ఉండదు కూడా. వేసుకున్న రోజున ఆమె పొద్దు వాలేదాకా కుట్టింది. గోక్కోలేదు, తూగలేదు, ఒక్క కుట్టూ వంకర పోలేదు. ఎదురుగా కండె పుల్లకి వేలాడుతూ, మిషను కదిలినప్పుడల్లా ఆ ఎర్రగుండీల తోక ఊగుతూనే ఉంది.