కీళ్ళ డాక్టరుగారి విమానం

రెండో కీలుకు వేలితో గ్రీజు పట్టిస్తూ ఆయన మోకాళ్ళ మీద కూర్చోబోయి, అమ్మో అనుకుని మళ్ళీ లేచాడు. షెడ్డులో అందరూ ఆయన్ని కీళ్ళ డాక్టరు అంటారు. విమానం రెక్కలు మడవడానికి పెట్టే కీళ్ళు ఆయన చేతిపనే. సొంత మోకాళ్ళ సంగతి మాత్రం దేవుడికే ఎరుక.

ఓడ మీద చోటు తక్కువ కాబట్టి, నౌకాదళం కోసం చేసిన ఈ యుద్ధవిమానం రెక్కలు పైకి మడుచుకుంటాయి. ప్రయోగానికి కట్టింది ఇదొక్కటే. ఇవాళే మొదటిసారి ఎగరాలి. బాగా ఎగిరితే ఇలాంటివి ఇంకా కట్టమంటారు, లేదంటే ఇంతే సంగతులు. ఆయన చెయ్యి పడిన విమానం ఒక్కటీ ఇంతవరకు నేల వదల్లేదు. అన్నీ తుక్కు కిందే పోయాయి. అందుకే పొద్దున్నించీ కాలు ఒకచోట నిలవడం లేదు. “మన పెళ్ళినాడు కూడా ఇన్నిసార్లు తల దువ్వుకోలేదు మీరు,” అని భార్య నవ్వి మరీ పంపింది.

“అయిందా బావా? ఆఫీసర్లు ఎండలో మాడిపోతున్నారు,” అన్నాడు పెయింటరు. కీళ్ళ డాక్టరు భార్యకు స్వయానా తమ్ముడు.

“ఆగరా బాబూ, రెక్కలు విప్పనీ.”

అందరూ తలో చెయ్యీ వేశారు. రెక్కలు రెండూ పరుచుకుని, గొళ్ళేలు ఠక్కుమని పడ్డాయి. ఆ చప్పుడుకి ఒళ్ళు పులకరించి, చప్పట్లు కొట్టి, విమానాన్ని తలుపు వైపు ఉత్సాహంగా తోసుకుంటూ వెళ్ళారు. తీరా చూస్తే తలుపు కంటే రెక్కలే పొడుగు. ఇన్నాళ్ళూ లోపలే విప్పారు, లోపలే మడిచారు. బయటికి ఎలా వెళుతుందన్న ఆలోచన ఒక్క బుర్రకీ తట్టలేదు.

“ఓడలో పట్టేలా చేశాం, మన గుమ్మంలోనే పట్టలేదు,” అని పెయింటరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంజనీరమ్మ తల పట్టుకుంది గానీ ఆవిడకూ నవ్వు ఆగలేదు. మళ్ళీ మడిచి, బయటికి తోసి, మళ్ళీ విప్పారు. కీళ్ళ డాక్టరు గొళ్ళేలన్నీ మరోసారి తడిమి చూసి పక్కకు తప్పుకున్నాడు.

పైలట్ ఎక్కాడు, విమానం ఉరికింది. చక్రాలకూ నేలకూ మధ్య వెలుగు కనిపించింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. పైకి పోయి ఒక పక్కకు వాలినప్పుడు, బరువంతా తన కీలు మీదే పడిందని ఆయనకు తెలుసు. రెక్క చెక్కుచెదరలేదు.

“ఎగిరిందిరా,” అన్నాడు ఆయన, బావమరిది భుజం నలిపేస్తూ.

“నేనూ ఇక్కడే ఉన్నాను బావా. చూశాను. భుజం వదులు.”

దిగిన విమానం చుట్టూ జనం మూగారు. ఆయన మాత్రం గబగబా లోపలికి వచ్చి, ఒక ఉక్కు ముక్కను బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాడు. రెండో విమానానికి కీలు కావాలి కదా. కూనిరాగం కూడా తీస్తున్నాడు.

ఇంజనీరమ్మ వచ్చి పక్కన నిలబడింది. “బాబాయ్, ఆఫీసర్లు చాలా బాగుందన్నారు. కానీ దీన్ని పెట్టుకునే ఓడ కట్టడమే మానేశారట. ఇక ఇలాంటివి వద్దన్నారు.”

ఆయన చెయ్యి ఆగింది. “మరి ఇది?”

“వాళ్ళ స్థావరంలో ఉంచుతారట. పైలట్ ఇప్పుడే తీసుకెళ్తున్నాడు.”

“అయితే మళ్ళీ ఎగురుతుందన్నమాట,” అంటూ మోకాళ్ళ సంగతి మరిచి బయటికి పరిగెత్తాడు.

ఈసారి చప్పట్లు లేవు. విమానం లేచి, ఎండలో తళుక్కుమని, చిన్నదైపోయింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఆయనకు పట్టరాని సంతోషంగానే ఉంది. తను చేసినది ఒకటి ఆకాశంలో ఉంది, అది చాలు.

“పదరా, మీ అక్కకు చెప్పాలి,” అని అటునుంచి అటే ఇంటిదారి పట్టాడు.

షెడ్డులో రెండో విమానం కీలు సగం నునుపుగా, సగం గరుకుగా, వైసులో బిగించింది బిగించినట్టే ఉంది.