స్వస్థత జాబితాలో మా నవోమి

"అంట్లు తర్వాత తోముకోవచ్చు, ముందు బులెటిన్ టైపు చేసెయ్" అన్నారు మా ఆయన ప్రేమానందం, కాఫీ కప్పు సింకులో పడేస్తూ. అమెరికాలో, ఈ ప్లేనోలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి ఏడేళ్లుగా ఆదివారం బులెటిన్ టైపు చేసేది నేనే. సెక్రటరీ ఆయన కాబట్టి అడుగున పేరు ఆయనది. తెలుగు టైపింగ్ నాకు దేవుడిచ్చిన తలాంతు, ఒక వరమట, పాస్టరుగారు అంటారు. వారం వారం అరవైమందికి బిర్యానీ వండడం కూడా తలాంతే అనుకుంటాను.

కీర్తనల నంబర్లు, వాక్యభాగం, ఆ కింద "రోగుల కొరకు ప్రార్థించుడి". మోకాలి ఆపరేషన్లవాళ్లు, షుగరువాళ్లు ఆ జాబితాలోకి వస్తారు, నయమై వెళ్లిపోతారు. ఆరేళ్లుగా కదలని పేరు ఒక్కటే: బేబీ నవోమి, స్వస్థత కొరకు. నవోమి మా అమ్మాయి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. దానికి రోగమేమీ లేదు. అప్పుడు కూడా టేబుల్ కింద కూర్చుని, నా చెప్పులు తొడుక్కుని, తనలో తనే నవ్వుకుంటోంది.

"దేవుడు ముట్టి బాగుచేసిన రోజున సంఘం ముందు సాక్ష్యం చెబుదాం, అందాకా ఓపిక పట్టు" అంటారాయన. స్పీచ్ థెరపీకీ స్కూల్ మీటింగులకూ డ్రైవ్ చేసుకుంటూ తిరిగే ఓపిక ఎవరిదో మాత్రం ఆయనకు పట్టదు. పిల్ల పుట్టిన నాలుగో రోజున మా అత్తగారు ఏలూరు నుంచి ఫోన్ చేసి "మీ వైపు ఎవరికన్నా ఇలా ఉందా?" అన్నారు. ఇక్కడి అమెరికన్ తల్లుల గ్రూపులో ఆ మాట చెప్పి చూశాను. మంచివాళ్లే, దగ్గరికి తీసుకున్నారు. కానీ ఇంగ్లిష్‌లో చెప్పేసరికి అది డాక్టరు అడిగే ప్రశ్నలా అయిపోయింది. "ఫ్యామిలీ హిస్టరీ అడిగారన్నమాట" అంది ఒకావిడ.

నాకు కావలసింది తెలుగులో వినే తల్లి. వీపు మీద చెయ్యి వేసి "అయ్యో, ఎంత మాటన్నదే!" అనే మనిషి. మనవాళ్లు ఏ చంటిపిల్లను చూసినా "ఎవరి పోలిక?" అంటారు. నవోమిని చూసి ఒక్కరూ అడగలేదు. దానికి మా అమ్మ గడ్డం వచ్చింది. ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలని ఆరేళ్లుగా ఎంత ఆశపడ్డానో.

జాబితాలోంచి దాని పేరు తీసేశాను. ప్రకటనల్లో ఇలా చేర్చాను: "డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల తల్లులం వచ్చే శనివారం మూడు గంటలకు మా ఇంట్లో కలుసుకుందాం. పిల్లలను తీసుకురండి." కింద సువార్త అని నా పేరు, నా సెల్ నంబరు. ప్రింట్లు తీయించేదీ నేనే కాబట్టి మా ఆయన చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం, అమెరికన్ల ఆరాధన ముగిశాక మాకు అద్దెకిచ్చే హాల్లో, ఆయన మైకు ముందు ప్రకటనలు చదువుతున్నారు. ఆ వాక్యం దగ్గర ఆగి నావైపు చూశారు. గొంతు సవరించుకుని తర్వాతి ప్రకటనకు వెళ్లిపోయారు.

నేను లేచి నిలబడ్డాను. "ఒకటి వదిలేశారండీ" అని, మొత్తం నోటితోనే చెప్పాను. "నవోమికి జబ్బు లేదు. దాన్ని స్వస్థపరచమని ఇక ఎవరూ ప్రార్థన చేయకండి" అని కూడా అన్నాను. ఆయన ముఖం కందగడ్డ అయింది. ఆమేన్ అన్నవాళ్లు లేరు.

భోజనాల దగ్గర నా పక్కకు ఎవరూ రాలేదు. "ఇంటికి పద, మాట్లాడదాం" అని ఆయన ప్లేటు పట్టుకుని మగవాళ్ల బల్లకు వెళ్లిపోయారు. ఇంత ఊళ్లో నాలాంటి తల్లి ఇంకొకత్తె లేదు కాబోలు అనుకుంటూ, ఏడుపు ఆపుకుంటూ బిర్యానీ గిన్నె గీకుతున్నాను.

అప్పుడు డాక్టర్ జోసఫిన్ ఆంటీ వచ్చారు. డెబ్బైకి దగ్గర పడుతున్నారు, నేను పుట్టకముందే గుంటూరు నుంచి వచ్చినవారు. ఆమెకు పిల్లల్లేరని అందరికీ తెలుసు. పోయిన ఆదివారం మదర్స్ డేకి తల్లులందరికీ గులాబీలు పంచినప్పుడు కూడా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"సువార్తా, పిల్లలను తీసుకురండి అన్నావు కదమ్మా" అన్నారు, గొంతు బాగా తగ్గించి.

"అవునాంటీ."

"మా అబ్బాయి కెన్నీ కూడా నవోమి లాంటివాడే. పుట్టగానే మీ అంకుల్ ఇలాంటి పిల్లలను ఉంచే హోమ్‌లో పెట్టించేశారు. నెలకోసారి ఒక్కదాన్నే డ్రైవ్ చేసుకుని వెళ్లి చూసొస్తాను. వాడికిప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. తీసుకురావచ్చా?"