రెండు చప్పట్లు

చప్... చప్.

ఆమె అరచేతుల్లోంచి సుద్దపొడి లేస్తుంది. పొద్దుటి మంచులా. దీపాల వెలుగులో కాసేపు నిలబడి, నెమ్మదిగా రాలుతుంది.

ఆ మంచులోంచి చెల్లి ఎగిరి వస్తుంది — పిట్టలా.

ఆమె పట్టుకుంటుంది.

ఏడేళ్లుగా పట్టుకుంటూనే ఉంది. మోకాళ్లతో ఉయ్యాలకి వేలాడుతూ, తలకిందులుగా.

సర్కస్‌లోకి ఆమె ఊగడానికి రాలేదు. డేరా కుట్టడానికి వచ్చింది. వానకి బిగుసుకుపోయిన గుడ్డలోంచి దబ్బనం లాగీ లాగీ ఆ చేతులు రాటుదేలాయి.

అప్పట్లో పైన పట్టేవాడు ఆమె మొగుడు. ఒకనాడు సాధనలో ఆయన భుజం జారింది. మళ్లీ కుదురుకోలేదు.

"వేరే ఎవరి చేతుల్లోకీ దూకను," అంది చెల్లి. "అక్క చేతులైతే దూకుతా."

ఆ ఉయ్యాలకి అంతకుముందు ఏ ఆడదీ వేలాడలేదు.

మేనేజరు తల గోక్కున్నాడు. "ఆడది పట్టుకుంటుందంటే జనం గుండెలు జారిపోతాయమ్మా. మీ ఆయన పేరే ఉండనీ."

తలపాగా చుట్టారు. మీసం అంటించారు.

"నాకంటే నీకే బాగుందే," అన్నాడు మొగుడు.

ముగ్గురూ నవ్వారు. అప్పట్లో నవ్వొచ్చింది.

ఆయన పట్టే రోజుల్లో 'రా!' అని కేక వేసేవాడు. ఆ కేక వినబడ్డాకే ఎగిరే మనిషి తాను నిలబడ్డ ఎత్తు చెక్క వదలాలి. ఆమె కేక వేస్తే గుట్టు రట్టవుతుంది.

అందుకే రెండు చప్పట్లు.

మొదటి ఆట అయ్యాక చెల్లి ఆమె చేతిలో చెయ్యి వేసింది. "నాకు పేరొచ్చిన రోజున, నిండు డేరాలో, నీ తలపాగా నేనే తీస్తానక్కా. ఒట్టు."

పేరొచ్చింది.

ఇవాళ పొద్దున పత్రికాయన వచ్చాడు. ఆమె లోపల కూర్చుని, గాలికి చిరిగిన డేరాకి మాటు వేస్తోంది. గుడ్డకి అవతల మాటలు...

"అంత ఎత్తున మిమ్మల్ని పట్టేదెవరండీ?"

దబ్బనం ఆగింది.

"ఇంకెవరండీ, మా బావగారే."

"మీ అక్కగారు కూడా ఇక్కడే ఉంటారట?"

"అక్కా? అక్క డేరా కుడుతుంది."

అబద్ధం కాదు. అందుకే లోతుగా దిగింది.

లోపలికొచ్చి, ఆమెను చూసి, చెల్లి తల దించుకుంది. "ఏం చెయ్యనక్కా... డేరా కుట్టే మనిషి పట్టేస్తుందంటే, ఇక నా ఎగురుడుకి విలువేముంటుంది?"

"పోనిద్దూ," అన్నాడు వెనకే వచ్చిన మొగుడు. "పేరు నాదైతేనేం, నీదైతేనేం?"

పేరున్నవాళ్లకి ఆ మాట తేలిక.

చెల్లి ఒట్టు తప్పింది. ఆమె పట్టు ఒక్కనాడూ తప్పలేదు.

మధ్యాహ్నం ఆట. నిండు డేరా.

ఆమె వేలాడింది. పైన నేల, కింద డేరా కప్పు. తలకిందులుగా చూస్తే జనం నవ్వులన్నీ ఏడుపుల్లా ఉంటాయి.

ఎదుటి చెక్క మీద చెల్లి. ఉయ్యాల కర్ర పట్టుకుని, చప్పట్ల కోసం చెవులు రిక్కించి.

ఒక ఊపు.

చప్పట్లు లేవు.

ఇంకో ఊపు...

డప్పు తడబడింది. కింద తెర చాటున మొగుడు మొహం పైకెత్తాడు.

ఆమె మీసం పీకేసింది. చెల్లి తీస్తానన్న తలపాగా తనే లాగేసింది. జుట్టు విడివడి, వానలా కిందికి వేలాడింది.

ఏడేళ్లుగా దాచిన గొంతు —

"రావే చెల్లీ!"

డేరా అంతా విన్నది.

తర్వాత, గుడ్డ మీద గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఆమె చేతులు చాచే ఉంది. దగ్గరకు ఊగుతుంది. దూరం జరుగుతుంది. మళ్లీ దగ్గరకు...

చెక్క అంచున చెల్లి కాలివేళ్లు. బిగిసి.

తెరిచిన అరచేతుల్లోంచి సుద్దపొడి దానంతటదే రాలుతోంది.

పొద్దుటి మంచులా...