ఎంతొచ్చింది?

“ఎంతొచ్చింది?” అని స్నానాల గదిలోంచే కేకేశారు మా ఆయన.

పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. వేలు పొడుచుకుని, చుక్కని స్ట్రిప్‌కి అంటించి, షుగర్ మిషన్ ఏం చూపిస్తుందా అని నిలబడ్డాను. “నూట డెబ్భై ఎనిమిదండీ” అన్నాను, పొయ్యి తగ్గిస్తూ. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం మీద ఎర్ర పెన్నుతో ఆ అంకె వేశారు. నూట ముప్పై దాటితే ఎరుపు, లోపలుంటే నీలం. ఆ కాగితం ఆయన ఆఫీసు కంప్యూటర్లో తయారుచేసి తెచ్చిందే. పరగడుపు, టిఫిన్ ముందు, టిఫిన్ తరవాత, భోజనం ముందు, భోజనం తరవాత, ఏం తిన్నాను, ఎంత తిన్నాను, ఎంతసేపు నడిచాను, మాత్ర ఎన్నింటికి వేసుకున్నాను... అన్నిటికీ గళ్ళున్నాయి. పైన పెద్దక్షరాలతో నా పేరు, హెప్సిబా అని. వారానికోసారి దాన్ని ఫోటో తీసి బంధువుల గ్రూపులో కూడా పెడతారు. మా ఆడపడుచు చేతులు జోడించిన బొమ్మ పెడుతుంది. కాకినాడ హాస్టల్లో చదువుకుంటున్న మా అమ్మాయి రమ్య ఏమీ పెట్టదు.

ఆ తరవాత కుటుంబ ప్రార్థన. మా అత్తగారు సారమ్మ గారు ముసుగు సర్దుకుని కుర్చీలో కూర్చున్నారు. నేను చాప మీద. ఆయన కళ్ళు మూసుకుని, “తండ్రీ, ఈ ఉదయం నీ బిడ్డ హెప్సిబాకి నూట డెబ్భై ఎనిమిది ఉంది ప్రభువా. ఆమె నోటిని అదుపులో పెట్టు. ఆమెకి నిగ్రహం దయచెయ్యి” అన్నారు. అత్తగారు “ఆమేన్” అన్నారు. నేనూ అన్నాను.

మా ఆయన ఆనంద్ పాల్ చెడ్డవారు కాదు. ఆ మాట ఎవరు కాదన్నా నేనే ఒప్పుకోను. తాగరు, చెయ్యెత్తరు, స్ట్రిప్‌లు అయిపోకముందే తెచ్చిపెడతారు. నేను భీమడోలు స్కూల్లో తెలుగు చెబుతాను. ఏలూరు నుంచి రోజూ రైల్లో వెళ్ళొస్తాను. స్టాఫ్ రూములో ఆ కాగితం సంగతి విని ఇందు టీచరు, “అదృష్టవంతురాలివి హెప్సీ, మా ఆయనకి నా బ్లడ్ గ్రూపు కూడా తెలీదు” అంది. అదృష్టం గురించి ఫిర్యాదు ఎలా చేస్తాం? అందుకని నవ్వేశాను. రాయడం ఒక్కటే ఆయన పని. ఆయనకి ఇడ్లీ, అత్తగారికి జావ, నాకు చపాతీ చెయ్యడం, గిన్నెలు తోమడం, ఉతికిన బట్టలు మేడ మీదకి మోసుకెళ్ళి ఆరెయ్యడం, స్టేషన్‌కి పరిగెత్తడం, సాయంత్రం దాకా క్లాసుల్లో నిలబడటం నావి. రాత్రి ఆయన “ఈరోజు నడిచావా?” అని అడుగుతారు. నడక అంటే ఆయన లెక్కలో బూట్లు వేసుకుని గ్రౌండులో తిరగడం. లేదండీ అంటాను. ఆ గడిలో సున్నా వేస్తారు.

ఆ కాగితం పుట్టింది మా మణెమ్మక్క పోయాక. అమ్మ పోయిన దగ్గర్నుంచి నన్ను పెంచింది అక్కే. కొల్లేరు లంకలో మా ఊరు. అక్క చదువు మానేసి చేపల చెరువుల గట్ల మీద పనికి వెళ్ళి, పట్టిన చేపల్ని ఐసులో సర్ది పెట్టెలకెత్తేది. నన్ను మాత్రం చర్చివాళ్ళ మిషన్ హాస్టల్లో వేసింది. నాకు ఉద్యోగం వచ్చాక కూడా నెలకోసారి స్టీలు క్యానులో చేపల పులుసు పట్టుకుని బస్సెక్కి వచ్చేది. మా ఇంట్లో కుర్చీ వెయ్యబోతే, “నా చీర వాసనేస్తాదే చెల్లీ” అని వంటింటి గడప మీదే కూర్చునేది. అక్కకీ షుగరు ఉందని మాకెవరికీ తెలీదు. మొన్న వానాకాలం కాలికి చేప ముల్లు గుచ్చుకుందట. గుచ్చుకున్నట్టు కూడా తెలీలేదట. ఏలూరు ఆసుపత్రికి తెచ్చేసరికి పాదం నల్లబడిపోయింది. “కాలు తీసేస్తే గట్టు మీద నిలబడగలనంటావా?” అని నన్నడిగింది. నిలబడతావక్కా అన్నాను. తీసేదాకా ఆగలేదు, మర్నాడే పోయింది.

సమాధి చేసి, తడిసిన చీరతోనే ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున మిషన్‌లో మూడు వందల పన్నెండు చూపించింది.

“అక్కడ ఏం తిన్నావు?” అన్నారాయన.

“ఏం తినలేదండీ.”

“మిషన్ అబద్ధం చెప్పదు హెప్సిబా.”

పక్కింటివాళ్ళు బలవంతంగా చేతిలో పెట్టిన టీ గుర్తొచ్చి చెప్పాను. “అదీ సంగతి” అన్నారు. ఆ ఆదివారమే కాగితం తయారైంది. అంటిస్తూ, “మీ అక్కని చూశాక నాకు భయం పట్టుకుంది. నిన్ను కూడా పోగొట్టుకోలేను” అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. అవి నిజం నీళ్ళే. అందుకే నేనేమీ అనలేకపోయాను. కానీ ఆనాటి నుంచి మా ఇంట్లో అక్క పేరు హెచ్చరికగా తప్ప వినపడలేదు. రెండో చపాతీ తీసుకోబోతే అత్తగారు, “మణెమ్మ ఎలా పోయిందో చూశావుగా అమ్మాయ్” అనేవారు. నన్ను పెంచిన మనిషి, నా కంచం దగ్గర కాపలా కుక్కైపోయింది. ఏడుద్దామంటే ఏడుపుకి ఆ కాగితంలో గడి లేదు. ఏడిస్తే మర్నాడు అంకె పెరుగుతుందేమో, మళ్ళీ ఏం తిన్నావంటారేమో అని, అదీ మింగేశాను.

ఎర్ర పెన్ను మీద భయంతో రాత్రి తిండి తగ్గించాను. తరవాత మానేశాను. “రాత్రి ఏం తిన్నావు?” అంటే “ఆకలి లేదండీ” అనేదాన్ని. ఆయన ఆ గడిలో గీత గీసేవారు. పొద్దున్న నీలం అంకెలొచ్చాయి. ప్రార్థనలో నిగ్రహం పోయి స్తోత్రం వచ్చింది. ఆయన నా భుజం తట్టారు. పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లలా పొంగిపోయాను. ఈ వయసులో, నా ఇంట్లో, అన్నం మానేసినందుకు.

మాత్ర మాత్రం వేసుకుంటూనే ఉన్నాను. ఒకరోజు ఆరో తరగతిలో బోర్డు మీద పద్యం రాస్తుంటే చెయ్యి వణికింది. ఒళ్ళంతా చెమట. పిల్లల గొంతులు ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టనిపించింది. కళ్ళు తెరిచేసరికి నా తల ఇందు ఒళ్ళో ఉంది. ఆఫీసు గదిలో టీకి పెట్టుకున్న పంచదార తెచ్చి నా నోట్లో వేస్తోంది. ఆయనకి ఫోన్ చేసింది కూడా ఇందే. అవతల ఆయన గొంతు నాకూ వినిపించింది. “షుగర్ ఎంతుందండీ?”

ఇందు ఒక్క క్షణం ఫోన్ వంక చూసింది. “ఆవిడ బతికుందండీ” అంది.

ఏలూరులో డాక్టరు గారు పెద్దావిడ. ఆయన కాగితాలన్నీ ఫైలులో పెట్టి ఆవిడ ముందుంచారు. ఆవిడ ఓపిగ్గా తిరగేసి, “ఇక్కడ వరసగా రాత్రి భోజనం దగ్గర గీతలున్నాయేంటండీ?” అన్నారు. ఆ గీతలు గీసిన మనిషి మొదటిసారి వాటి వంక చూశారు.

“తినలేదండీ” అన్నాను.

“ఎందుకమ్మా?”

ఆయన జేబులో రెండు పెన్నులూ కనిపిస్తున్నాయి. “నీలం రావాలని.”

డాక్టరు గారు ఫైలు మూసేశారు. మాత్ర తగ్గించి రాశారు. “ఈ మాత్ర వేసుకుంటూ తిండి మానెయ్యకూడదమ్మా. ఇన్ని గళ్ళు మీకు అక్కర్లేదు. పొద్దున పరగడుపున ఒకటి, వారంలో రెండు రోజులు భోజనమైన రెండు గంటలకి ఒకటి. చెమట, వణుకు వస్తే మాత్రం అప్పటికప్పుడు చూసుకుని తీపి తినండి. ఆ రోజు మామూలుగా లేకపోతే అంకె పక్కన ఒక్క మాట రాయండి. జ్వరమో, ప్రయాణమో, మనసు బాగోలేదనో. మీకు అర్థమైతే చాలు.”

“మనసు బాగోకపోయినా పెరుగుతుందాండీ?”

“పెరగొచ్చమ్మా.”

మూడు వందల పన్నెండు. నా గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, అది నాదని తెలీడానికి కాస్త టైం పట్టింది. అక్క పోయిన ఇన్ని నెలలకి, ముక్కూమొహం తెలీని ఆవిడ బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన నేల చూపులు చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు పొద్దున ఫ్రిజ్ మీద కాగితం తీసేశాను. చిన్న పుస్తకం ఒకటి నా బ్యాగులో పెట్టుకున్నాను.

“ఎంతొచ్చింది?”

“రాసుకున్నానండీ.”

“అదే, ఎంత?”

“మీకు చెప్పాల్సినంత ఉంటే నేనే చెబుతానండీ.”

ఆయన మొహం చిన్నబోయింది. “నేను పరాయివాణ్ణా?”

“కాదండీ. కానీ రోజూ పొద్దున్నే నా మీద దేవుడికి ఫిర్యాదు చెయ్యకండి.”

ఆ రోజు ఆయన పాస్టరు గారి ఆరోగ్యం కోసం, రమ్య పరీక్షల కోసం ప్రార్థన చేశారు. నా పేరే రాలేదు. అడిగింది దక్కినా గుండెలో కలుక్కుమంది. ఆ తరవాత కూడా ఆయన నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. పుస్తకంలో అంకెలు కొన్నాళ్ళు ఎక్కువ, కొన్నాళ్ళు తక్కువ. పక్కన చాలా రోజులు ఒకటే మాట రాసుకున్నాను, ‘అక్క’ అని.

ఒక శనివారం మధ్యాహ్నం ఆయన ఇంట్లో లేరు. అత్తగారు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

“అమ్మాయ్, ఆ మిషన్ ఒకసారి నాక్కూడా పెట్టవా?”

“మీకెందుకండీ అత్తయ్యా?”

“దాహం ఆగట్లేదే. రాత్రుళ్ళు లేచి లేచి ప్రాణం విసిగిపోతోంది.” ఆగి, గొంతు తగ్గించారు. “అక్షరాలు కనపడట్లేదు.”

నాకర్థం కాలేదు. రోజూ ప్రార్థనకి ముందు బైబిల్లో అధ్యాయం చదివేది ఆవిడే. పొద్దున కూడా చదివారు.

“చదవట్లేదే. నోటికొచ్చినవి చెబుతున్నాను, పుస్తకం పట్టుకుని. రానిచోట దగ్గుతున్నాను.”

“ఎన్నాళ్ళ నుంచండీ?”

“ఈస్టర్ ముందు నుంచి.”

“మరి మీ అబ్బాయికి చెప్పలేదేం?”

ఆవిడ నా వంక చూడలేదు. “చెబితే వాడు ప్రార్థన చేస్తాడు కదే.”

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ముడతలు పడ్డ వేలు, చల్లగా ఉంది. పొడిస్తే ఉలిక్కిపడి కళ్ళు మూసుకున్నారు. అంకె వచ్చింది. తక్కువేం కాదు. మెల్లగా చెప్పాను.

“నేనేం తిన్నానే? జావే కదా తాగుతున్నాను” అన్నారు భయంభయంగా, చిన్నపిల్లలా.

“మిమ్మల్ని నేనలా అడగలేదు అత్తయ్యా. సోమవారం స్కూలుకి సెలవు పెడతాను. డాక్టరు గారి దగ్గరికి వెళ్దాం. కళ్ళ సంగతి కూడా అక్కడ మీరే చెప్పండి.”

ఆవిడ వేలు కొసని దూదితో నొక్కుకుంటూ అడిగారు.

“ఇన్నాళ్ళూ వాడు నీ గురించి అలా అంటుంటే నేను ఆమేన్ అన్నాను. నీకు నా మీద కోపం లేదా?”

లేదండీ అనడం నాకు బాగా అలవాటైన మాట. నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

“ఉందత్తయ్యా” అన్నాను.

ఆవిడ తల వంచుకున్నారు. నేను లేచి రెండు కంచాలు తీసి, ఇద్దరికీ అన్నం వడ్డించాను.