రేంజర్ గారి సంజాయిషీ

ఉమామహేశ్వరరావుగారు ముప్పై మూడేళ్ళు అటవీశాఖలో పనిచేశారు. నల్లమలలో ఆయన చేత తిట్లు తినని మనిషి లేడంటే అబద్ధం కాదు. శివరాత్రికి అడవిదారిన శ్రీశైలం నడిచి వెళ్ళే భక్తులు తిన్న విస్తళ్ళు దారి పక్కన పారేస్తే, వాటిని వాళ్ళ చేతే ఏరించి, మూటగట్టించి, వాళ్ళ నెత్తినే పెట్టించి పంపిన ఘనుడాయన. మనిషి మెతుకు మరిగిన జంతువు మళ్ళీ మనిషిని వెతుక్కుంటూ వస్తుందని, అలా వచ్చిన జంతువు ప్రాణాలతో వెనక్కి పోదని ఏటా ఒకే ఉపన్యాసం ఇచ్చేవారు. ఆ ఉపన్యాసం ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. జెర్సీ సిటీలో పుట్టి పెరిగిన పన్నెండేళ్ళ మనవరాలు నిధికి కూడా వచ్చు. తాతంటే ఆ పిల్లకు అంత గురి.

ఆయన, భార్య మీనాక్షమ్మ ఆగస్టులో కూతురు అలేఖ్య దగ్గరికి వచ్చారు. ఇరవై రెండో అంతస్తులో ఫ్లాటు. కిటికీ తీస్తే నది, నదికి అవతల కిటికీలు. రెండు నెలల పాటు ఆ కిటికీలు లెక్కపెట్టి విసిగిపోయిన మనిషికి, అక్టోబరులో న్యూ హాంప్‌షైర్ కొండల్లోకి క్యాంపింగ్‌కి వెళ్దామని అల్లుడు వేణుమాధవ్ అనేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆకులు రంగులు మారే వారం అది, ఏడాది ముందే చోటు బుక్ చేసుకోవాలట. మూడు రోజుల ముందునుంచే ఆయన సంచి సర్దుకున్నారు. మోకాళ్ళ నొప్పితో మీనాక్షమ్మ రానంది. నేల మీద పడుకోవడానికి ఆరు గంటలు కారులో వెళ్ళాలా అని ఆవిడ ప్రశ్న. కానీ చలిలో పిల్లలకు బలం ఉంటుందని డబ్బా నిండా సున్నుండలు చేసి ఇచ్చింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. రావుగారికి షుగరు. వచ్చిన వారంలోనే అలేఖ్య తండ్రి చేతికి బిళ్ళంత మెషీను అతికించింది. ఆయన నోట్లో ఏ తీపి పడ్డా ఆఫీసులో ఉన్న కూతురి ఫోను కుయ్యిమంటుంది. రేంజంతా గడగడలాడించిన మనిషి, అరచెంచా పాయసం తిని కూతురికి సమాధానం చెప్పుకోవాల్సిన గతి పట్టింది. అలాంటిది, కొండల్లో సిగ్నల్ ఉండదని అల్లుడు యథాలాపంగా అన్న మాట ఆయన చెవిలో అమృతంలా పడింది. బయలుదేరే రోజు పొద్దున్నే నాలుగు సున్నుండలు తీసి, రేకు కాగితంలో చుట్టి, ఆ పొట్లాన్ని తన మంకీ క్యాప్‌లో దూర్చి, సంచి అడుగున పెట్టుకున్నారు. దొంగతనం అనుకోలేదు. హక్కనుకున్నారు.

రెండు కార్లలో వెళ్ళారు. రెండో కారు వేణు స్నేహితుడు కిరణ్‌కుమార్, అతని భార్య మీనాది. ఇడ్లీల కోసం ఒకచోట, కాఫీ కోసం ఒకచోట, ఫొటోల కోసం నాలుగుచోట్ల ఆగి, ఆరు గంటల దారిని తొమ్మిది గంటలు చేసి, శుక్రవారం సాయంత్రానికి అడవి చేరారు. రావుగారు కారు దిగి నోరు తెరుచుకుని నిలబడిపోయారు. కొండ కొండంతా ఎరుపు, పసుపు, నారింజ. పసుపు కుంకుమలు కలిపి ఎవరో దోసిళ్ళతో చల్లినట్టుంది. నల్లమలలో మాఘమాసంలో ఆకు రాలుతుంటే చూడ్డానికి ఒక్కడూ రాలేదని, రాలిపోయే ఆకుకి కూడా ఇక్కడ మర్యాద ఉందని ఆయన అల్లుడితో అన్నారు. 

గేటు దగ్గర ఒక రేంజరమ్మాయి ఉంది. పాతికేళ్ళుంటాయేమో. నిధి చేతికి ఒక కాగితం ఇచ్చి, ఎలుగుబంట్లు తిరుగుతున్నాయని, వాసన వచ్చేది ఏదీ గుడారాల్లో ఉండకూడదని, తిండీ సబ్బూ టూత్‌పేస్టూ అన్నీ గుడారాల పక్కనే ఉండే ఇనుప పెట్టెలో పెట్టి గొళ్ళెం వేయాలని చెప్పింది. ఫారెస్టాఫీసరు మనవరాలినని నిధి ఆమెకు చెప్పుకుంది. ఇక చూడాలి ఆ పిల్ల హడావుడి. కిరణ్ బిస్కెట్లు, మీనా కాఫీపొడి, మూడు కవర్లలో చుట్టిన ఆవకాయ సీసా, అమ్మ రాసుకునే క్రీము, సున్నుండల డబ్బా, అన్నీ ఆరిందాలా లాక్కెళ్ళి పెట్టెలో వేసింది. ఒక్కొక్కరి సంచీ తనే తెరిచి చూసి, కాగితం మీద పేరు పక్కన టిక్కు పెట్టింది. చివరికి తాత దగ్గరికొచ్చింది.

"తాతా, నీ బ్యాగ్‌లో ఏమన్నా ఉందా? తినేది, లేకపోతే స్మెల్ వచ్చేది?"

"నన్నే అడుగుతున్నావటే? నేను రేంజర్ని" అన్నారాయన నవ్వుతూ.

నిధి కూడా నవ్వేసింది. ఆయన సంచి తెరవకుండానే టిక్కు పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే లేచి ఒక ఉండ నోట్లో వేసుకుందామనుకుంటే, అప్పటికే కిరణ్ లేచి గుడారం ముందు టీ కాస్తున్నాడు. సరే, సాయంత్రం చూసుకుందామని రావుగారు అందరితోపాటు కొండెక్కారు. రెండు మైళ్ళ దారి. దారంతా నిధి ఆయన చెయ్యి వదల్లేదు. ఇక్కడి చెట్ల పేర్లు ఆయనకు తెలియవు. ఇది మేపుల్, ఇది బర్చ్, ఇది బీచ్ అని ఆ పిల్ల చెప్తుంటే, బడిపిల్లాడిలా పలికారు. ఒక బీచ్ చెట్టు నున్నటి మొద్దు మీద గీతలు కనబడగానే మాత్రం ఆయనలో పాత రేంజరు నిద్రలేచాడు. అవి ఎలుగు గోళ్ళ గీతలని, కాయల కోసం ఎక్కిందని, చలికాలం ముందు దానికి తినడం తప్ప వేరే ధ్యాస ఉండదని, క్రోసు దూరంనుంచి కూడా వాసన పడుతుందని వివరించారు. నిధి కళ్ళింత చేసుకుని వింది.

ఆ మాట చెబుతున్నప్పుడే ఆయనకు సంచిలో మంకీ క్యాప్ గుర్తొచ్చింది. గుర్తు రాలేదంటే అబద్ధం.  వెనక్కి వెళ్దామనుకున్నారు. వెళ్దామంటే ఎందుకో చెప్పాలి. చెప్తే ఈ పిల్లకే చెప్పాలి. పట్టపగలు, పక్క గుడారాల్లో మనుషులున్నారు, రేకు గట్టిగా చుట్టాను, రెండు గంటల్లో తిరిగి వెళ్ళమా అని తనకు తానే సర్దిచెప్పుకున్నారు. అదే మాట ఎవరైనా కిందిస్థాయి గార్డు చెప్పి ఉంటే ఆయన చీరేసేవారు. ఆ రోజు మాత్రం నమ్మేశారు.

దిగేటప్పుడు తక్కినవాళ్ళు ఫొటోలు తీసుకుంటూ వెనకబడ్డారు. మూడు గంటలవేళ రావుగారే ముందుగా తమ గుడారం దగ్గరికి చేరారు. గుడారానికి ఒక పక్క గుడ్డ నిలువునా చీరుకుపోయి ఉంది. సామాను ఆకుల మీద చిందరవందరగా పడి ఉంది. వాటి మధ్య మంకీ క్యాప్, చొంగతో తడిసి, నెయ్యి మరకలతో. పక్కన నలిగిన రేకు. సున్నుండ రవ్వంత కూడా మిగల్లేదు. ఎన్ని పంచనామాలు రాసిన కళ్ళు అవి! ఒక్క చూపులో ఆయనకు అంతా అర్థమైపోయింది. వెనక మాటలు దగ్గరవుతున్నాయి. వంగి, క్యాపు, రేకు తీసి కోటు జేబులో కుక్కేశారు. ఆలోచించి చేసిన పని కాదు. కానీ చెయ్యి మాత్రం తడబడలేదు.

కబురందుకుని ఆ రేంజరమ్మాయే వచ్చింది. తిండి ఏమైనా లోపల ఉండిపోయిందా అని అడిగింది. ఏమీ లేదని, అందరివీ తనే చెక్ చేశానని నిధి గట్టిగా చెప్పింది. అలా చెబుతూనే చిందరవందరలో తన సంచి చూసుకుంది. దాని చిన్న జేబు చిరిగి, పెదవులకు రాసుకునే స్ట్రాబెర్రీ లిప్ బామ్ నమిలి ఉమ్మేసి ఉంది. అందరి సంచులూ వెతికిన పిల్ల తన సంచి వెతుక్కోలేదు. నిధి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కొన్నిసార్లు ఆ మాత్రం చాలని రేంజరమ్మాయి మెత్తగానే చెప్పింది. ఇప్పుడేం చేస్తారని వేణు అడిగాడు. మనుషులున్నచోట పట్టపగలు గుడారం చీల్చిందంటే దానికి భయం పోయిందని, మళ్ళీ వస్తుందని, బోను పెడతామని ఆమె చెప్పింది. పట్టుకున్నాక వదిలిపెడతారా అని నిధి అడిగింది. బహుశా వదలరని ఆమె చెప్పింది. పిల్లకు అబద్ధం చెప్పలేదు. ఆ చిన్న రేంజరుకున్నపాటి నిజాయితీ ఆ పూట అక్కడున్న పెద్ద రేంజరుకు లేకపోయింది.

నిధి చెక్కబల్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. అలేఖ్య ఎంత ఓదార్చినా ఆగలేదు. రావుగారు వెళ్ళి పక్కన కూర్చున్నారు. తల నిమిరారు. జేబులో తడి క్యాపు చల్లగా తొడకు తగులుతోంది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకున్నారు. ఎదురుగా అల్లుడు, పరాయివాళ్ళు, తన కూతురి వయసైనా లేని ఆ ఆఫీసరు. ముప్పై మూడేళ్ళ సర్వీసు నాలుక మీద కూర్చుని నొక్కేసింది.

"ఏడవకమ్మా. చిన్నపిల్లవి, నీకేం తెలుసు" అన్నారు. చెయ్యని తప్పుకు ఆ పిల్లను క్షమించేశారు కూడా.

ఆ సాయంత్రమే అన్నీ కట్టేసుకుని బయలుదేరారు. తిరుగుదారిలో కూడా కొండలు అలాగే ఎర్రగా, పచ్చగా ఉన్నాయి. కారులో ఒక్కరూ తలెత్తి చూడలేదు. దారిలో ఆగినచోట రావుగారు బాత్‌రూముకని దిగి, క్యాపూ రేకూ చెత్తబుట్టలో పడేశారు. ఇంటికెళ్ళాక క్యాపేదని మీనాక్షమ్మ అడిగితే, ఎలుగుబంటి ఎత్తుకెళ్ళిందన్నారు. ఆవిడ ఒక్కతే నవ్వింది.

పది రోజుల తర్వాత ఫారెస్టాఫీసు నుంచి వేణుకు మెయిల్ వచ్చింది. ఎలుగు దొరికిందట. మూడేళ్ళ మగది. చంపేశారట. వంటింట్లో అలేఖ్యకు మెల్లగానే చెప్పాడు గానీ నిధికి వినబడింది. ఈసారి ఆ పిల్ల ఏడవలేదు. అన్నం సగంలో వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం రావుగారు సోఫాలో కూర్చుని ఉండగా, నిధి లాప్‌టాప్ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఫారెస్టాఫీసుకు లెటర్ రాశానని, ఇలాంటివి ఎలా రాయాలో నీకైతే తెలుసు కాబట్టి కరెక్ట్ చేయమని అడిగింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు. నా పేరు నిధి, నాకు పన్నెండేళ్ళు అని మొదలుపెట్టింది. మా తాతగారు ముప్పై మూడేళ్ళు రేంజరుగా చేశారు, జంతువులకు మన తిండి దొరక్కూడదని నాకు నేర్పింది ఆయనే, అందరి బ్యాగులూ చూసి నాది మర్చిపోయాను, నా వల్ల ఆ ఎలుగు చచ్చిపోయింది, మా తాతగారు సిగ్గుపడే పని చేశాను అని రాసింది.

ఆయన రెండుసార్లు చదివారు. మూడోసారి అక్షరాలు కనబడలేదు. తన సర్వీసులో ఎంతమందికి నోటీసులిచ్చి, ఎన్ని సంజాయిషీలు చదివి, ఎన్నింటిని పక్కన పడేశారో! ఇంత శుభ్రమైనది ఒక్కటీ చూడలేదు.

"ఇది పంపకమ్మా" అన్నారు. "నువ్వు చేసింది కాదు. నా సంచిలో సున్నుండలున్నాయి. నాలుగు. మీ అమ్మకు తెలియకుండా తిందామని మంకీ క్యాప్‌లో దాచుకున్నాను. అది వచ్చింది వాటి కోసం."

నిధి ఆయన వైపే చూస్తోంది. అర్థమైందో లేదో తెలియక ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. గుడారం దగ్గరికి ముందు తనే వచ్చానని, క్యాపు జేబులో దాచేశానని, దారిలో పారేశానని, అన్నీ వరసగా చెప్పేశారు. చెప్పేకొద్దీ గుండె తేలికవుతుందనుకున్నారు. కాలేదు.

నిధి అంతా వింది. ఎలుగు మాట ఎత్తలేదు.

"తాతా, ఆ రోజు నేను ఏడుస్తుంటే నువ్వు నా పక్కన కూర్చున్నావ్. అప్పుడు నీకు తెలుసా?"

తెలియదని చెప్పొచ్చు. పిల్ల నమ్ముతుంది కూడా. 

"తెలుసమ్మా" అన్నారు.

నిధి "ఓకే" అంది. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, రాసిందంతా ఒక్కసారిగా చెరిపేసి, తెల్లటి పేజీ మళ్ళీ ఆయన ముందు పెట్టింది. కోపంగా పెట్టలేదు. జాగ్రత్తగా, తెలియని పెద్దమనిషికి వస్తువు అందించినట్టు పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు మెల్లగా వేసుకుంది. ఆయన పిలుద్దామనుకున్నారు. ఏమని పిలవాలో తోచలేదు.

ఫారెస్టాఫీసుకు రాయాల్సిన సంజాయిషీ ఆ సాయంత్రమే రాశారు, ఒక్క వేలితో టైపు చేసుకుంటూ, తన పేరుతో, పూర్వపు హోదాతో సహా. గంటన్నర పట్టింది. అది ఇంగ్లీషులో రాయాలని ఆయనకు తెలుసు. గదిలో ఉన్న మనవరాలికి ఏ భాషలో రాయాలో మాత్రం తెలియక, దీపం వేసే వేళ దాటాక కూడా అక్కడే కూర్చుండిపోయారు.