సుబ్బరత్నం హస్తవాసి

ఉయ్యూరులో ఆ వీధి వీధంతా సుబ్బరత్నం హస్తవాసిని నమ్మింది. ఆమె చేత్తో మంచినీళ్లిచ్చినా రోగం తగ్గుతుందని పేరు. కరోనా రెండోసారి విరుచుకుపడి, ఆస్పత్రుల్లో మంచాలు దొరక్క జనం అల్లాడుతున్నప్పుడు అందరూ కలిసి ఆవిడను మునగచెట్టెక్కించారు. ఎక్కినావిడ దిగలేదు.

తనకు జబ్బు చేసినప్పుడు డాక్టరు రాసిన మాత్రలే మెడికల్ షాపు నుంచి డబ్బాలకొద్దీ తెప్పించింది. వాటిలో చిన్న తెల్లమాత్ర ఒకటి పడిందంటే పొద్దుటి జ్వరం సాయంత్రానికి ఉండేది కాదు. గుమ్మం బయట నిలబడి జనం చెయ్యి చాస్తే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అరచేతిలో వేసేది. కొందరైతే తాము కొన్న మాత్రలే తెచ్చి, ఆమె చేత ముట్టించుకుని పట్టుకెళ్లేవారు!

అలాంటిది సొంత తమ్ముడు బసవపున్నయ్యకు జ్వరమొస్తే ఊరుకుంటుందా? అతనికి షుగర్ ఉందని ఆమెకు తెలుసు. మాత్రకూ షుగర్‌కూ ఏం సంబంధమో తెలియదు. జ్వరం తగ్గి లేచి కూర్చుని ముద్దపప్పు అడిగి తింటుంటే మురిసిపోయింది. తర్వాత చెంప వాచి కంట్లో పోటు మొదలైతే, "నీరసంరా, ఇంకొన్నాళ్లు వేసుకో" అని మళ్లీ తనే వేసింది.

విజయవాడ ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి ముఖం చిట్లించింది.

"షుగరున్న మనిషికి ఇన్నాళ్లు స్టెరాయిడ్ ఎవరిచ్చారండీ? ఫంగస్ కంటిదాకా పాకింది. కన్ను తీసేస్తేగానీ మనిషి దక్కడు."

సుబ్బరత్నం తన అరచేతివంక చూసుకుంది. కన్ను పోవడమా! తన చేత్తోనా!

నర్సమ్మ ఇచ్చిన మాత్రను బసవపున్నయ్య అక్క ముందుకు చాపాడు. "ఏడవకక్కా. ఇది నీ చేత్తో వెయ్యి. నీ చెయ్యి మంచిది."

ఆమె చెయ్యి కొంగులో దాచేసుకుంది. అంతలో ఫోను మోగింది. ఎదురింటి రావమ్మ.

"పిన్నిగారూ, మీ చలవ వల్ల మా ఆయనకి జ్వరం పోయిందండీ. చెంపే కాస్త వాచింది. ఇంకో నాలుగు తెల్లమాత్రలు ఇస్తారా?"

"వద్దే! ఇంక ఒక్కటి కూడా వెయ్యకు!"

"అయ్యో, కోప్పడకండీ. పోనీ మేమే కొని ఆస్పత్రికి తెస్తాం. మీరు ముట్టుకుంటే చాలు."

"మాత్రలు కాదే, మనిషిని తీసుకురా!" సుబ్బరత్నం పెట్టిన కేకకు వార్డంతా ఉలిక్కిపడింది. ఇంకా ఎవరెవరికి ఇచ్చిందో గుర్తుచేసుకోబోతే ఒక్క ముఖమూ తట్టలేదు. చాచిన అరచేతులే కనబడ్డాయి.