కారు అడుగు

వెనక సీటు ఊడదీసి గోడకు ఆనించాక, కుట్టుపిన్ని ముక్కుకు అడ్డంగా ఓ గుడ్డ ముక్క కట్టుకుని కారులోకి వంగింది. కార్పెట్టు అంచు పట్టుకుని లాగితే, పుండు మీద అంటుకుపోయిన కట్టులా చప్పుడు చేస్తూ లేచింది. కింద నల్లటి నీళ్ళు. అందులో కుళ్ళిన ఆకులు, ఎవరివో వెంట్రుకలు, సీటు స్పాంజి పీక్కొచ్చి ఎలుక కట్టుకున్న గూడు. గూట్లో ఎలుక లేదు గానీ, అది వదిలిన సమస్తం ఉంది.

కార్ల సీట్లు కుట్టే పనిలో ఆమె చూడని రోత లేదు. పసిపిల్లల కక్కు, తాగుబోతుల కక్కు, సీటు సందుల్లో బూజు పట్టిన రొట్టెముక్కలు అన్నీ చూసింది. ఇళ్ళు అద్దంలా ఉంచుకునే జనం కార్లను ఇంత కంపు ఎలా చేసుకుంటారో ఆమెకు ఏనాడూ అంతుబట్టలేదు. ఈ ఎర్ర ఓపెన్ టాపు కారు వాటన్నిటికీ పెద్దమ్మ.

పాత కార్లు కొని బాగుచేసి అమ్మే ఆ షెడ్డు అక్క మొగుడిది. తన మొగుడు పోయి, సంచి పట్టుకుని వచ్చిన మరదలికి వెనక గది, ఒక కుట్టుమిషను ఇచ్చాడు బావ. ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లే అది ఆమె నెత్తిన బరువుగా కూర్చుంది. వీధిలో అందరికీ ఆమె కుట్టుపిన్ని. అసలు పేరు పెట్టి పిలిచేది ఇక అక్క ఒక్కతే.

రంగు చూసి మోజుపడి కొన్నాడు బావ ఈ కారుని. తెచ్చిన రోజు షెడ్డు ముందు ఆపి, అందరినీ పిలిచి టాపు తెరిచాడు. తెరుచుకుంది గానీ మళ్ళీ మూసుకోలేదు. టాపును లేపే పంపు డిక్కీ నిండా నూనె కక్కింది. పంపు మార్చాక టాపు గుడ్డ కుట్ల దగ్గర పిగిలింది. గుడ్డ కుట్టాక, వెనక ప్లాస్టిక్ అద్దం కామెర్లొచ్చిన కన్నులా పచ్చబడి ఉందని తెలిసింది. అద్దం మార్చాక వాన కురిసింది. టాపు మడతల్లో చేరే నీళ్ళు కిందికి పోవడానికి సన్నటి గొట్టాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోయి ఎన్నేళ్ళయిందో, పడిన వానంతా లోపలికే దిగుతోంది.

"పంపయింది, గుడ్డయింది, అద్దమయింది. ఇంకేం మిగిలింది మరదలా?" అన్నాడు బావ, చేతులు తుడుచుకుంటూ.

"ముందుంది ముసళ్ళ పండగ. ఇటు రండి."

వెనక కూర్చునేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే చోట, ఓ పక్కన, సీటు బెల్టును అడుగుకు బిగించే బోల్టు ఉంది. దాని చుట్టూ రేకు నానిన బిస్కెట్టులా పొరలు లేచింది. ఆమె రెండు వేళ్ళతో బోల్టును ఊపింది. చీము పట్టిన చిగుళ్ళలోంచి పన్ను ఊడినట్టు ఊడి చేతిలోకొచ్చింది, అరచేయంత రేకుతో సహా. కన్నంలోంచి షెడ్డు నేల కనిపించింది.

"దాన్నెందుకు కెలికావు?" అన్నాడు బావ.

"కెలకలేదు. ముట్టుకున్నాను."

ఆయన కన్నంలో వేలు పెట్టి చూశాడు. "అడుగంతా కోసి కొత్త రేకు అతికించాలంటే, ఆ డబ్బుతో ఇలాంటి కారు ఇంకోటి వస్తుంది. బోల్టు అక్కడే కూర్చోబెట్టి లప్పం పెడతా. కొనేవాళ్ళు రేపు పొద్దున తీసుకెళ్తారు. నువ్వు పైన కొత్త కార్పెట్టు పరిచెయ్."

"ఆ బెల్టు ఎవర్ని ఆపుతుంది బావా?"

"కోటి విద్యలూ కూటి కొరకే. పని చూడు."

మధ్యాహ్నం కారు కొనే మనిషి వచ్చాడు. ఫొటోలు తీయడం ఆయన వృత్తి. వెంట కూతురు, ముందు పళ్ళు ఊడిన పిల్ల. అప్పటికే లప్పం పెట్టి, కారు అడుగున పాత కాగితాలు పరిచి, సీటు తిరిగి పెట్టేశాడు బావ. ఆ పిల్ల ఎగిరి వెనక కూర్చుని, బెల్టు టక్కున పెట్టుకుంది.

"నాన్నా, ఇది నా చోటు. అమ్మను ముందు కూర్చోమను."

"సరే, మహారాణీ."

"ఇక్కడేదో కంపు కొడుతోంది."

"పాత తోలు వాసన తల్లీ," అన్నాడు బావ. "గొప్ప కార్లన్నీ అంతే."

ఆ పిల్ల సరేనని నమ్మి, కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. కుట్టుపిన్నికి మాట గొంతుదాకా వచ్చింది. బావ ఆమె వైపే చూస్తున్నాడు. మింగేసింది. ఆ మింగింది కార్పెట్టు కింది నీళ్ళలా దిగింది లోపలికి.

తిండి దగ్గర ఆమె ముద్ద నోటిదాకా తెచ్చి దించేసింది.

"తినవేంటే?" అంది అక్క.

"చెయ్యి కంపు."

"సబ్బు పెట్టి తోమావుగా, తోలు ఊడేలా."

"పోలేదు."

"నువ్వు కుట్టేదానివి. లోపలి సంగతి నీకెందుకు? ఆయనకు మాత్రం సరదానా? ఆ ఎర్ర దెయ్యం ఇల్లంతా పీల్చేసింది."

"తెలుసక్కా."

తెలుసు. పైన పటారం, లోన లొటారం. ఇన్నేళ్ళూ ఆ పటారం కుట్టింది తనే. బూజు పట్టిన స్పాంజి మీద మెత్తటి తోలు, తుప్పు మీద పూల గుడ్డ. ఎంత బాగా కుడితే అంత బాగా దాగేది. పనిమంతురాలని ఊరంతా మెచ్చుకునేది. కంపు చేతిది కాదేమో అనిపించింది ఆమెకి.

సాయంత్రం కార్పెట్టు కొలిచి కోసింది. షెడ్డులో ఉన్న ఆఖరి ముక్క అదే. బావ వచ్చి అంచులు తడిమి, "నీ చెయ్యి పడితే ముసలిదీ పెళ్ళికూతురే," అని పాలిష్ డబ్బా కోసం బజారుకెళ్ళాడు.

ఆమె ఉలి తీసుకుని లప్పం గీకేసింది. బోల్టు తనంతట తనే ఊడొచ్చింది. దాన్ని డ్రైవరు సీటు మీద పెట్టింది. కార్పెట్టు మీద కన్నం వచ్చే చోట సుద్దతో గుండ్రంగా గీత గీసి, కత్తెరతో కోసి, మిషను దగ్గరికి తీసుకెళ్ళి, అంచు చుట్టూ కారు రంగుకు సరిపోయే ఎర్ర పైపింగు కుట్టింది. ఎక్కడా ఒక్క కుట్టు వంకర పోలేదు. తర్వాత జిగురు రాసి, కార్పెట్టు పరిచి, మోకాళ్ళతో అదిమింది. పట్టేసింది. ఇక పీకాలంటే చింపాల్సిందే.

సంచి భుజానికి తగిలించుకుని బయటికొస్తుంటే గుమ్మంలో అక్క ఎదురైంది.

"ఎక్కడికే?"

"పరుపుల కొట్టువాళ్ళు ఎన్నాళ్ళనుంచో రమ్మంటున్నారుగా. ఉండటానికి చోటు కూడా ఇస్తారట."

"పరుపుల్లో మాత్రం ఏముందో ఎవడికి తెలుసు?"

"దూది నేనే కూరతానక్కా."

అక్క దగ్గరికొచ్చి, చెల్లెలి భుజం మీద అంటుకున్న దారప్పోగు తీసేసింది. "ఆయన అడిగితే ఏం చెప్పను?"

"కారు చూసుకోమను."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా అక్క గుమ్మంలోనే నిలబడింది. ఆ తర్వాత షెడ్డులోకెళ్ళి, కారు తలుపు తీసి లోపలికి వంగింది. నల్లటి కొత్త కార్పెట్టు మధ్యలో ఎర్ర అంచు కుట్టిన గుండ్రటి కిటికీ ఉంది. అందులోంచి షెడ్డు నేల, ఆ నేల మీద ఇంకా ఆరని తడి కనిపిస్తున్నాయి.